నేలకు జానెడు ఎత్తున

ఈ ఎర్ర కారును ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. కొంగు బొడ్లో దోపుకుని, వంగి, బండి కిందికి చూసింది. "ఇదేందయ్యా, నేలకు ఆనిచ్చి తయారుచేశారా? దీని కిందికి పిల్లి కూడా దూరదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా కోరుకున్న బండి అది. లెక్కల మాస్టారుగా ఎన్నో బడులు మారాను గానీ ఆ కోరిక మాత్రం మారలేదు. రెండు తలుపులు, వెడల్పాటి టైర్లు, నేలకు జానెడు ఎత్తు కూడా లేని ఒళ్లు. హైదరాబాదులో ఒకాయన వాడి అమ్మేస్తుంటే, నా పాత డీజిలు బండిని వదిలించుకుని దీన్ని తెచ్చుకున్నాను.

అబద్ధం ఎందుకు, నడకలో బండి బంగారం. పాత బండి మలుపు తిరిగేటప్పుడు గడ్డిమోపు ఎత్తుకున్న మనిషిలా ఒక పక్కకు ఒరిగేది. ఇది ఒరగదు. స్టీరింగు కాస్త కదిపితే చాలు, నా మనసులో మాట విన్నట్టు ముక్కు తిప్పుతుంది. ఆదివారం పొద్దున్నే మాచర్ల వైపు ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో మలుపు తీసుకుంటే నలభై ఎనిమిదేళ్ల వయసు ఎక్కడికి పోయేదో! ఆ పది నిమిషాలు నేను రాజునే.

మిగతా వారమంతా నా మొహం. మా వైపు ఏ ఊళ్లో ఒక మేకపిల్ల బండి కింద పడినా, మర్నాటికల్లా ఆ ఊరివాళ్లే మట్టీ కంకరా పోసి స్పీడ్ బ్రేకర్ కట్టేస్తారు. కొలతా లేదు, పాడూ లేదు. ఎవరికి ఎంత కోపం ఉంటే అంత ఎత్తు. బస్సులు దాటతాయి, ట్రాక్టర్లు దాటతాయి, మూడు చక్రాల ఆటో కూడా ఎగిరి దూకి పోతుంది. నేను మాత్రం ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా బతిమాలుకుంటూ ఎక్కించాలి. బండిలో ఇంకెవరైనా ఉంటే దిగి నడవాలి. మా ఆవిడ రెండుసార్లు దిగింది. మూడోసారి దిగి, వెనకొస్తున్న బస్సెక్కి ఇంటికెళ్లిపోయింది.

మాచర్లలో నా బండి చూసే మెకానిక్ భాయ్ మొదట్లోనే చెప్పాడు. "సార్, స్ప్రింగుల్లో రబ్బరు దిమ్మెలు పెడతా, రెండంగుళాలు లేస్తది. కానీ ఇప్పుడున్నట్టు మలుపు తిరగదు. బస్సు మాదిరి ఊగుద్ది." నేను ఒప్పుకోలేదు. ఆ నడక కోసం కొన్న బండికి ఆ నడకే లేకుండా చేసుకోవడానికి నాకేమన్నా పిచ్చా అన్నాను. ఆయన నవ్వి, చేతులు తుడుచుకున్నాడు.

ఇక్కడ మా వీధి సంగతి చెప్పాలి. గురజాలలో మేముండే వీధిలో కారున్న ఇల్లు మాదొక్కటే. కారున్న ఇల్లంటే ఆ కారు వీధిదే. అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఏ వేళప్పుడైనా తలుపు తట్టి "అబ్బాయా, బండి తియ్" అంటారు, అంతే. పన్నెండేళ్లు నా పాత బండి అట్లాగే తిరిగింది. ఇద్దరు పిల్లలు దాని వెనక సీట్లో పుట్టబోయి, రెండు సందుల తేడాతో ఆసుపత్రిలో పుట్టారు. మర్నాడు మా గుమ్మంలో ఒక సొరకాయో, గంపెడు పచ్చిమిరపకాయలో ఉండేవి. అన్నం మధ్యలో లేపినప్పుడు విసుక్కునేవాణ్ణి, నిజమే. కానీ ఆ పిలుపంటే నాకు ప్రాణం. బళ్లో నేను మాస్టార్ని. వీధిలో మాత్రం, కష్టం వస్తే ముందు గుర్తొచ్చే అబ్బాయిని. పాత బండితో పాటు అది కూడా పోతుందని నాకు తట్టలేదు. లెక్కల మాస్టార్ని, ఈ చిన్న లెక్క తట్టలేదు!

పక్కింటి అత్తకు తుంటి ఎముక విరిగింది. చుట్టరికం లేదు, పిలుపే. బావి దగ్గర జారిపడితే అంబులెన్సులో నరసరావుపేట తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. చూడటానికి వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అబ్బాయా, నన్ను ఇంటికి నువ్వే తీసకపోవాల. పరాయి బండ్లు నేనెక్కను" అంది. పాత బండిలో ముందు సీటు ఆవిడదే. అక్కడ కూర్చుని దారి పొడుగునా నాకు డ్రైవింగు నేర్పేది. సరే అత్తా అని మాటిచ్చాను.

ఇంటికి పంపే రోజు నర్సు గట్టిగా చెప్పింది. "తుంటి మోకాలి కంటే కిందికి దిగకూడదు. ఎత్తు సీటున్న బండిలోనే కూర్చోబెట్టండి. కీలు జారిందంటే మళ్లీ ఆపరేషనే." విన్నాను. తల కూడా ఊపాను. ఊపి, తిన్నగా వెళ్లి ఆ పల్లపు సీటు మీద రెండు దిండ్లు వేశాను. దిండ్లు వేస్తే అత్త తల కప్పుకు తగులుతోంది. తీసేస్తే తుంటి దిగిపోతోంది. చివరికి ఒక దిండు ఉంచి, సీటు వెనక్కి వాల్చి, ఆవిణ్ణి సగం పడుకోబెట్టాను. అత్త కోడలు వెనక సందులో ముడుచుకుని కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"అన్నయ్యా, ఆటో మాట్లాడదామా?" అంది ఆ పిల్ల మెల్లగా.

"నేనుండగా ఆటో ఏందమ్మా?" అని కసిరాను. ఆ కసురు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిడుగురాళ్ల దాటేదాకా ఎట్లాగో నెట్టుకొచ్చాను. ప్రతి గుంతకూ అత్త "అమ్మో" అంటోంది. గట్టి స్ప్రింగులు కదా, రోడ్డు మీద రాయి పడి ఉంటే అది నేరుగా నడుముకే తెలుస్తుంది. నాకు డ్రైవింగు నేర్పే మనిషి ఆ రోజు నా డ్రైవింగుకు ఒక్క వంకా పెట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

తర్వాత ఒక ఊరి మొదట్లో కొత్త స్పీడ్ బ్రేకర్. మొన్న వెళ్లినప్పుడు లేదు. ఏటవాలుగా ఎక్కిద్దామంటే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఇంకేం చేస్తాను, నేరుగా ఎక్కించాను. ముందు చక్రాలు దాటాయి. బండి కడుపు మట్టిదిబ్బ మీద గర్రుమని కూర్చుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

వడ్లకు కాపలా ఉన్న రైతు కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏందయ్యా ఇది, బండా బల్లా? మడుసుల్ని దించు, బరువు తగ్గితే లేస్తది."

"దిగలేదండీ, ఆపరేషన్ అయింది."

"దిగకపోతే ఈడే సంసారం పెట్టుకోండి!"

వేరే దారి లేదు. నేనూ, రైతూ, ఇంకో ఇద్దరూ కలిసి ఆ పల్లంలోంచి అత్తను పైకి లాగాం. ఆవిడ పంటితో కింద పెదవిని కొరికేసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను అత్తా, అత్తా అంటున్నాను, దేనికో నాకే తెలియదు. కోడలు నా వైపు చూడటం మానేసింది.

అంతలో వెనకనుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. అత్త నిలబడినచోటునుంచి ఒక అడుగు వెనక్కి వేసి, దాని సీటు మీద కూర్చుంది. అంతే. వంగే పని లేదు, దిండు లేదు. ఆటో అదే దిబ్బను కుదుపు తెలియకుండా మెల్లగా ఎక్కి దిగి వెళ్లిపోయింది. నేను బండిని ఎత్తించుకుని, ఆ ఆటో వెనకే, దాని కంటే నెమ్మదిగా, గురజాల దాకా వచ్చాను. దారిలో స్టీరింగును ఎన్నిసార్లు గుద్దానో!

కీలు జారలేదు, నా అదృష్టం. ఆ సంగతి డాక్టరు ఎక్స్‌రే తీసి చెప్పేదాకా వారం రోజులు ముద్ద దిగలేదు. తెల్లారే భాయ్ దగ్గరికి వెళ్లి, "ఎత్తించు భాయ్, ఎంత లేస్తే అంత" అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. దిమ్మెలు వేశాడు. సీటు కింద కూడా చెక్క వేయించి పైకి లేపించాను. ఇప్పుడు బండి మలుపులో ఊగుతుంది. మాచర్ల రోడ్డు మీద ఆదివారాలు పోవడం మానేశాను. రాజూ లేడు, రాజ్యమూ లేదు. అయినా సరే, వీధికి పనికొస్తుంది కదా అనుకున్నాను.

నిన్న అత్తను మళ్లీ డాక్టరుకు చూపించే రోజు. నాకు తెలుసు. బడికి సెలవు పెట్టాను. పొద్దున్నే బండి కడిగి, ముందు సీటు దులిపి, తాళాలు జేబులో వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. తలుపు తడతారని చూస్తున్నాను. ఎనిమిదైంది. మా గుమ్మం ముందునుంచే ఆటో వచ్చి పక్కింటి ముందు ఆగింది.

పరుగున వెళ్లాను. "అత్తా, బండి ఎత్తు పెంచాను. సీటు కూడా పెంచాను. నువ్వొచ్చి చూడు, హాయిగా కూర్చోవచ్చు. తియ్యనా?"

అత్త అప్పటికే ఆటోలో కూర్చుని ఉంది. కోపం లేదు ఆవిడ మొహంలో. కోపం ఉన్నా బాగుండేది. పట్టణంలో కొత్తవాళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది.

"ఎందుకులే మాస్టారూ, మీకు ఇబ్బంది."