కదలని చుక్క

విమానాశ్రయం మొదలై మూడేళ్ళయిన రోజుల్లో, తొండుపల్లి దగ్గర ఒక విల్లాల వెంచర్‌కి యానిమేషన్ చేసే పని నాకు పడింది. ఇంకా కట్టని ఇళ్ళను కట్టినట్టు రెండు నిమిషాలు చూపించాలి. భూమి ఇచ్చిన పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే. పొలం మూలనున్న తన తండ్రి సమాధిని కదల్చకూడదు. కాగితం మీద రాసుకోలేదు, నోటిమాటే. ఒకరోజు ఆయన మా ఆఫీసుకొచ్చి, నా పక్కన కూర్చుని, ఎత్తెంతో జానలతో కొలిచి చూపించాడు. సున్నం వేసిన ఆ దిమ్మెను ఆయన చూస్తుండగానే కంప్యూటర్‌లో కట్టాను. మంచిగున్నదని చెప్పి, తెప్పించిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నెల తర్వాత రెండర్ తీస్తే, అంటే కంప్యూటర్ చేత బొమ్మను ఫ్రేములుగా గీయిస్తే, ప్రతి ఫ్రేములోనూ తెల్లటి మెరుపు చుక్కలు, బియ్యంలో రాళ్ళలా. బొమ్మలోని ఒక్కో దీపం ఆర్పుతూ వెతికాను. రెండు రోజులకు దొరికింది దొంగ: స్విమ్మింగ్‌పూల్ పక్కనున్న స్టీలు రెయిలింగ్. దాని మీద పడిన ఎండ ఎక్కడెక్కడో చిట్లి చుక్కలవుతోంది. మెరుపు తగ్గించి మళ్ళీ తీశాక ఇళ్ళ దృశ్యాలు శుభ్రపడ్డాయి. పైనుంచి వెంచర్ మొత్తం కనిపించే దృశ్యాన్ని మళ్ళీ రెండర్ చేయడానికి టైము లేదు. మర్నాడే చూపించాలి. ఫ్రేము తర్వాత ఫ్రేము, చేత్తో తుడవడం మొదలుపెట్టాను.

కొత్తగా చేరినవాళ్ళకు నేనే పాఠం చెప్పేదాన్ని. తప్పుడు చుక్క ఈ ఫ్రేములో ఉంటే పక్క ఫ్రేములో ఉండదు, నేల మీద ఒకేచోట కనిపిస్తుంటే అది వస్తువు, ముట్టుకోకండి అని. అన్నీ శ్రీరంగ నీతులే. మూలనున్న తెల్ల చుక్క ప్రతి ఫ్రేములోనూ అక్కడే ఉంది. ప్రతి ఫ్రేములోనూ తుడిచాను.

సేల్స్ ఆఫీసులో తెర మీద వేశాం. పెద్దాయన ముందు కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మ అయిపోయాక నా వైపు తిరిగాడు.

"మా బాపు ఏడ, బిడ్డా?"

మూలనున్న ఆ చుక్క దిమ్మేనని అప్పుడు గానీ నాకు వెలగలేదు. నా పొరపాటే, గంటలో పెట్టేస్తానని చెప్పాలి. ఈలోగా వెంచర్ వేసిన బిల్డరుగారు తాపీగా అన్నారు, "ఇలాగే బాగుందమ్మా. ఇలాగే ఉంచండి."

"సరే సార్" అన్నాను. సిగ్గు కూడా వేయలేదు. ఇంటికెళ్ళి పడుకోవాలని మాత్రం అనిపించింది. తర్వాత పెద్దాయన పాల్మాకుల నుంచి పెద్దమనుషులను తీసుకొచ్చాడని, బిల్డరుగారు కాగితం చూపించమంటే అందరూ వెనక్కి వెళ్ళిపోయారని విన్నాను. దిమ్మె తీసేశారు. ఆ మూల నా బొమ్మలో ఉన్నట్టే పచ్చిక పరిచారు.

పెద్దలకు పెట్టే అమావాస్య, పెత్రమాస నాడు ఆయన టిఫిన్ డబ్బాతో మా ఆఫీసుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంత చదును జేసిన్రు. గట్టు లేదు, చెట్టు లేదు. ఏడ పెట్టాల్నో తెలుస్తలేదు. నీ కంపూటర్ల కొలత ఉంటది గద, జర చూపియ్యి."

ఉంది. పాత ఫైలు తెరిచి, ప్రహరీ నుంచి ఎన్ని అడుగులో రాసుకుని ఆయన వెంట వెళ్ళాను. టేపు పట్టి కొలిచి చోటు చూపించాను. ఆయన చెప్పులు విడిచి, విస్తరి పరిచి, అన్నం, కూర పెట్టాడు. దండం పెట్టబోతూ ఆగి నా వైపు చూశాడు.

"ఈడనే గద, బిడ్డా?"

ప్రహరీని ప్లాను ప్రకారం కట్టలేదు. రోడ్డు కోసం లోపలికి జరిపారు. ఎంత జరిపారో నాకు తెలియదు.

"ఇక్కడే కాకా" అన్నాను.