ఆకుపచ్చ మరక మీద ముడి

దయ్యాలు, ఆత్మలు అనే మాటలంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. కొత్తకోటలో హైవే పక్కనే మా టిఫిన్ సెంటర్. మా ఎదురుగా ఉన్న మలుపులో ఎన్ని యాక్సిడెంట్లయ్యాయో, ఎన్ని కథలు పుట్టాయో లెక్కలేదు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి లారీలు ఆపుతుందట! తెల్లారకముందే ఆ మలుపులో ఊడ్చి నీళ్లు చల్లేది నేనే. ఇన్నేళ్లలో ఒక్క తెల్లచీరా కనబడలేదు. కనబడితే కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత ఇడ్లీ పెట్టేదాన్ని. ఎవరొచ్చినా ముందు నీళ్ల గ్లాసు పెట్టడం మా దగ్గర పద్ధతి.

కాబట్టి ఇది చదివి నన్ను పిచ్చిదాన్ని అనుకోకండి. జరిగింది జరిగినట్టే చెబుతాను. ఇప్పటికీ చెప్పేటప్పుడు మాట పరుగందుకుంటుంది. మా ఆయన పక్కనుంచి "జర మెల్లగ చెప్పు, బస్సేమన్న పోతాందా?" అని ఆటపట్టిస్తాడు.

తెలంగాణ వచ్చాక, కరోనాకు ముందు మాట. మా చెల్లెలు సరితకు ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ లేదు గనుక పురుడు పని నా మీద పడింది. సరిత అత్తగారిది మోత్కూర్ దగ్గర ఒక పల్లె, చేనేత ఇల్లు. మా మరిది, అంటే సరిత మొగుడు, శ్రీను మగ్గం నేస్తాడు. వాళ్లమ్మ లక్ష్మమ్మ దారాలకు రంగులద్దుతుంది. చీర మీద బొమ్మ తేలాలంటే నేయకముందే దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోటికి రంగు పోదు. ఆ కట్టునే చిటికి అంటారు. రంగు దిగకపోవడం వాళ్లకు పరువుతో సమానం.

పిల్ల సర్కారు దవాఖానలో బాగానే పుట్టింది. పాలు తాగింది, నల్లటి మొదటి దొడ్డికీ పోయింది. బంగారం లాంటి పిల్ల అనుకుంటూ సరిత అత్తగారింటికే తీసుకొచ్చాం. ఆ ఇంట్లో పురుడు వెళ్లేదాకా పిల్లకు కొత్తబట్ట తొడగరు. తాత కట్టీ కట్టీ మెత్తబడిన తెల్ల ధోతిని చింపి, ఆ గుడ్డల్లోనే చుడతారు.

వచ్చిన మర్నాడు పొద్దున ఆ గుడ్డల మీద ఆకుపచ్చ మరకలు కనిపించాయి. అదే సమయంలో ఎవరిదో పెళ్లిచీర కోసం ఈసారి శ్రీను రంగు వేసిన ఆకుపచ్చ పట్టు వాకిట్లో తడితడిగా ఆరుతోంది. ఇంకేం కావాలి, ఇంట్లో పెద్ద పంచాయితీ మొదలైంది.

"చేతులు కడుక్కోకుంట పిల్లనెట్ల ఎత్తుకున్నవ్ రా? ధోతంత ఖరాబు చేసినవ్!" అని లక్ష్మమ్మ.

"నా రంగు దిగదే అమ్మా! కావాల్నంటె గీ చేయి రుద్ది చూడు. చుక్క అంటితె నన్నడుగు!" అని శ్రీను.

తల్లీకొడుకులు కొత్త రంగుపొడి మంచిదా, పాత రంగు మంచిదా అన్న దాకా పోయారు. నేనూ ఊరుకోక మధ్యలో దూరి, మా పుట్టింటి పాత చీరల రంగు గొప్ప చెప్పాను. అందరం గుడ్డనే చూశాం. పిల్లను ఎవరమూ చూడలేదు. పాలు కక్కుతోందని సరిత చెబుతూనే ఉంది, పసిపిల్లలన్నాక కక్కరా అన్నాం.

మధ్యాహ్నం నేను వాకిట్లో కూర్చుని ఆ గుడ్డలన్నీ ఉతుకుతున్నాను. చివరిది ఒక్కటే మిగిలింది. దానికి సబ్బు పెట్టబోతుంటే రంగు బానల దగ్గర పీట మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎండ కళ్లలో పడి మొహం సరిగ్గా కనబడలేదు. ముతక చీర, రంగు పట్టి నల్లబడ్డ గోళ్లు మాత్రం బాగా గుర్తున్నాయి. పిల్లను చూడ్డానికొచ్చిన చుట్టం అనుకున్నాను. అప్పటికే నడుము లాగేస్తోంది, నా నోరు ఊరుకుంటుందా?

"ఊకెనే కూసోకపోతె జర ఓ చెయ్యెయ్యరాదు, అవ్వా?" అన్నాను.

ఆమె నా చేతిలోంచి గుడ్డ తీసుకుని వాసన చూసింది.

"గిది మా రంగు కాదు, బిడ్డా. పిల్ల లోపల్నుంచి వచ్చింది. ఉతకకు."

అంటూనే మరకను చిటికెడుగా పోగుచేసి, నడుం దగ్గర దోపుకున్న దారం లాగి, చుట్టి చుట్టి బిగించి, పంటితో తెంపింది. గుడ్డ నా ఒళ్లో పెట్టి, "ఉరుకుండ్రి" అంది. నేను ముడి వంక చూసి తలెత్తేసరికి పీట ఖాళీ. పోతానని చెప్పకుండా పోయిందే అని నాకు కోపం కూడా వచ్చింది.

ఆ తర్వాత ఆమె మాట నా తలకెక్కింది. లోపల్నుంచి వచ్చిందా? పిల్ల లోపల ఆకుపచ్చ ఎక్కడుంటుంది? ముడివేసిన గుడ్డను కొంగులో దోపుకుని, తడిచేతులతోనే ఇంట్లోకి ఉరికాను. పిల్ల కళ్లు మూసుకుని ఉంది. నోరు తడారిపోయింది. బుగ్గ మీద వేలు పెడితే పాల కోసం తల తిప్పలేదు, కాలు గిల్లితే ఏడవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

లక్ష్మమ్మ ఆముదం రాసిన తమలపాకు వెచ్చచేసి కడుపు మీద వేద్దామంది. నేనొక్క అరుపు అరిచాను. శ్రీను పక్కింటి వాళ్ల కారు తెచ్చాడు. నల్లగొండ దాకా దారి పొడుగునా "ఇంక జోరుగ, ఇంక జోరుగ" అని నేను డ్రైవర్ ప్రాణం తీశాను. సరిత పిల్లను గుండెకు అదుముకుని కూర్చుంది.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, కక్కింది ఏ రంగు అని.

"తెల్లగనే సార్, పాలే," అంది లక్ష్మమ్మ. "గా ఆకుపచ్చ మా రంగుది."

మిగతా గుడ్డలన్నీ నేనే ఉతికేశాను. చూపించడానికి ఉన్నది ఆ ఒక్కటే. కొంగులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. కత్తెరతో దారం తెంపి విప్పాడు. మడతల మధ్య మరక తడి ఆరకుండా, పసరులా ఉంది. ఆయన మొహం మారిపోయింది. అది పిత్తం, పసిపిల్ల ఆకుపచ్చగా కక్కితే పేగు ఎక్కడో మూసుకుపోయిందనే ముందు అనుకోవాలి అన్నాడు. ఆ తర్వాత అంతా ఉరుకులు పరుగులే. ముక్కులోంచి గొట్టం, సెలైన్, ఎక్స్‌రే, స్కానింగ్! గొట్టంలోంచి మళ్లీ అదే ఆకుపచ్చ దిగింది. పట్నం నుంచి అప్పుడప్పుడు వచ్చే పిల్లల సర్జన్ మా అదృష్టం కొద్దీ ఆ రోజు అక్కడే ఉంది.

పేగు మూసుకుపోవడానికి చాలా కారణాలుంటాయని ఆమె మాకు విడమరచి చెప్పింది. కొందరికి పేగు మధ్యలో తెగినట్టు పుడుతుందట. కొందరికి మొదటి దొడ్డి జిగురుగా గట్టిపడి అడ్డుకుంటుందట. ఇంకొందరికి పెద్దపేగు చివర నరాలు ఉండవు, అది కదలదు. మా పిల్లకు మాత్రం కడుపులో ఉన్నప్పుడు పేగులు కుదురుకోవాల్సిన చోట కుదురుకోక, ఇప్పుడు మెలిపడ్డాయి. మెలిపడితే నెత్తురు ఆగుతుంది, ఆలస్యమైతే పేగంతా చచ్చిపోతుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా బిడ్డ దక్కడం కష్టం అంది. శ్రీను కాయితాల మీద సంతకం పెట్టగానే పిల్లను ఆపరేషన్‌కు తీసుకుపోయారు.

లోపల ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. బయటికొచ్చి సర్జన్ నవ్వింది! మెలి విప్పి వెచ్చటి గుడ్డలు కప్పితే నల్లబడ్డ పేగుకు మళ్లీ గులాబీ రంగు తిరిగిందట. కొంచెం మేర తిరగకపోతే అది కోసి కలిపారు. ఇంకాస్త ఆలస్యమైతే మిగిలేది ఏమీ లేదంది. అదే వార్డులో ఇలాంటిదే ఇంకో పిల్లవాడున్నాడు. వాయువని ఇంట్లో ఆముదం పోస్తూ కూర్చుని ఆలస్యంగా తెచ్చారట, పేగు చాలావరకు తీసేయాల్సి వచ్చింది. వాళ్లమ్మ మొహం చూడలేకపోయాను.

ఆ తర్వాత మేమంతా ఎదురుచూసింది ఒక్కదాని కోసమే. పిల్ల దొడ్డికి పోతే పేగు పనిచేస్తున్నట్టట. ఒక పొద్దున నర్సు బయటికొచ్చి "పోయింది!" అనగానే శ్రీను ఎగిరి గంతేశాడు. నేను వరండాలో ఉన్న వాళ్లందరికీ చాయ్ తాగించాను. దొడ్డికి పోయినందుకు అంత సంబరం చేసుకున్నవాళ్లను ఆ దవాఖాన చూసి ఉండదు.

ఆ సంబరంలోనే లక్ష్మమ్మ చేతికి ఆ గుడ్డ ఇచ్చాను. తెగిన దారం ఇంకా దానికే వేలాడుతోంది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఎవలు కట్టిండ్రు గీ చిటికి?"

"మీ చుట్టం అవ్వే. బానల కాడ కూసున్నది."

"గిది ఎడమచేతి చుట్టు బిడ్డా. మా అత్త నర్సవ్వ ఒక్కతే గిట్ల కట్టేది. పంటితోనే తెంపేది. సరిత మా ఇంటికి రాకముందే పోయింది," అంది.

నేను ఒప్పుకోలేదు. ఎడమచేతి వాటం ఇంకెవరికీ ఉండదా అని వాదించాను. ఊరికి తిరిగొచ్చాక ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఆ మధ్యాహ్నం మా వాకిట్లోకి ఎవరూ రాలేదన్నారు. ఎండదెబ్బ తగిలి ఆ ముడి నేనే కట్టానేమో అనుకుని, దారం తీసుకుని కట్టి చూశాను. కట్టినవన్నీ ఊడిపోయాయి. నాకు చిటికి కట్టడం రాదు.

పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. కడుపు మీద సన్నటి గీత తప్ప ఏమీ లేదు. మగ్గం కింద దూరి దారాలు తెంపి నాయిన చేత తిట్లు తింటుంది.

ఇవాళ్టికీ ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. రోడ్డున పోయే లారీవాళ్లకు కూడా ముందు నీళ్లిచ్చే నేను, మా పిల్ల ప్రాణం కాపాడిన మనిషిని కసురుకున్నాను, ఒక గ్లాసు మంచినీళ్లయినా ఇవ్వలేదు. అందుకే ఆ ఇంటికి పోయినప్పుడల్లా చెంబెడు నీళ్లు తీసుకెళ్లి బానల దగ్గర పీట మీద పెడతాను. శ్రీను నవ్వుతాడు. "దయ్యాల్లేవంటివి గద వదినె, ఎవలకు పెడ్తున్నవ్?" అంటాడు.

లేవనే అంటాను. నీళ్లు మాత్రం పెట్టి వస్తాను.