పళ్లకోసం సికింద్రాబాదు పోతే

పోలీసు చర్య ముగిసి రైళ్లు మళ్లీ సజావుగా నడుస్తున్న చలికాలం అది. బళ్లలోకి తెలుగు పంతుళ్లు కావాలట; సోమవారం ఇన్‌స్పెక్టరు ముందు పద్యం చదవాలి. నాకేమో సైకిలు మీంచి పడి నాలుగు ముందుపళ్లు పోయాయి. శుక్రవారం తెల్లవారి అయిదున్నరకు కాజీపేటలో పాసింజరెక్కాను. మూడో తరగతి టికెట్టుకు ఇంకా నిజాం హాలీ సిక్కాలే తీసుకున్నారు.

"ఏందీ సారూ, మాట్లాడుతున్నవా, ఈల ఏస్తున్నవా?" అన్నాడు ఎదుటి బెంచీలోని లాలాగూడ రైలు కార్ఖానా ఫిట్టరు. ఒళ్లు మండింది. అయినా చీనా పళ్ల డాక్టరు ఇంటికి దారి చెప్పింది అతనే.

పదిన్నరకు సికింద్రాబాదులో ఆ ఇంటికి చేరాను. డాక్టరు మైనంతో కొలత తీసి, మధ్యాహ్నం ఇంకోసారి చూడాలన్నాడు. పన్నెండున్నరకు వాళ్ల ముసలితల్లి నాకూ గిన్నెలో అన్నం, ఆకుకూర పెట్టింది. కమ్మగా తిని, ఇంట్లో అలవాటు కొద్దీ ఆ గిన్నెలోనే నీళ్లు పోసి చెయ్యి కడిగేశాను.

అవ్వ ముఖం మాడిపోయింది. "మౌ లై మావ్" అని లేచి వెళ్లిపోయింది.

"మా కాంటన్ చీనా భాషల మర్యాద లేనోడు అన్నది. అన్నం గిన్నెల చెయ్యి కడుగుడు మాకు తప్పు," డాక్టరు తల గోక్కున్నాడు. "పళ్ల రంగు కలిపేది అమ్మనే సారూ. ఆమె కోపంల ఉంటే పని షురూ కాదు."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. గిన్నె పెరట్లోకి తీసుకెళ్లి తోమి, రెండు చేతులా అవ్వకందించి, జేబులోంచి పుస్తకం తీశాను. "మోటోళ్లను మీ కాంటన్ భాషల ఇంకేమేం అంటరో చెప్పు అవ్వా, రాసుకుంట. అన్నీ నాకే సరిపోతయి."

కొడుకు విప్పి చెప్పేసరికి ఆమెకు నవ్వాగలేదు. ఇంటి పెంపకం లేనివాడు మౌ కా కావ్. చిన్నాపెద్దా ఎంచనివాడు మౌ తాయ్ మౌ సై. తిండిపోతు వై సిక్. గొంతు చించుకునేవాడు తాయ్ సెంగ్ కుంగ్. అక్కడికక్కడే అప్పజెప్పాను. బోసినోట్లోంచి గాలి తుస్సుమంటుంటే అవ్వ కళ్లు తుడుచుకుంటూ రంగు నూరడానికి కూర్చుంది.

ఆ పూట బోయిగూడలో మేనత్త ఇంట్లో ఉన్నాను. శనివారం మూడింటికి పళ్లు పెట్టారు. అవ్వ నిన్నటి పాఠమే మళ్లీ చెప్పమంది. ఒక్క అక్షరమూ జారలేదు.

"పాసయినవంట," అన్నాడు డాక్టరు. నా సంతోషం అంతా ఇంతా కాదు.

నాలుగున్నర బండిలో తిరిగొచ్చాను. మీరెవరైనా అక్కడికి పోతే గిన్నె సంగతి మరిచిపోకండి. దారి పొడుగునా పద్యాలు చదువుతూనే ఉన్నాను. జనగామ దాటాక పక్కాయన, "సారూ, జెర మెల్లగ" అని చెవులు మూసుకున్నాడు.

అవ్వ ఉంటే నన్ను తాయ్ సెంగ్ కుంగ్ అనేది.