ఎడమ పురి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను పిరికివాడు అనకూడదు. మేము విశాఖపట్నం పక్క జాలరి వాళ్ళం. మా వల్లకాడు సముద్రపు ఒడ్డునే, మా తెప్పలూ అక్కడే. చితి పూర్తిగా ఆరకముందే ఆ పక్కన ఇసుకలో పడుకుని గుర్రుపెట్టినవాణ్ణి. నీళ్ళ మీద తెల్లటి వెలుగు కనబడి తోటివాళ్ళు దండాలు పెట్టుకుంటుంటే నేను చుట్ట కాల్చుకునేవాణ్ణి.

ఐదేళ్ళ కూలి ఒప్పందం, గిర్మిట్ అనేవారు, అది రాసుకుని ఫిజీ ఓడ ఎక్కినప్పుడు నాతో నా భార్య నూకాలు, ఏడాది నిండని కూతురు ఉన్నారు. కూతురి పేరు సింహాచలం. చలం అని పిలిచేవాళ్ళం. దాని పుట్టువెంట్రుకలు సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాం. కొండకు వెళ్ళేలోపే ఓడ ఎక్కాల్సి వచ్చింది. అందుకని దాని తలకు కత్తెర తగల్లేదు.

మమ్మల్ని అక్కడి లబాసా ఊరి అవతల, వాయిలేవు వైపు చెరకు తోటల్లో పనికి పెట్టారు. కూలీలందరికీ వరసగా గదులు కట్టి లైన్లు అనేవారు. మూడో ఏడు నూకాలు జ్వరంతో పోయింది. పోయేముందు ఒక్కటే అడిగింది. "పిల్ల తలకి కత్తెర తగలనీకు. ఆ జుత్తు అప్పన్నది." సరేనన్నాను. నాకు ఏడుపు రాలేదు. మర్నాడు తెల్లవారకముందే పనికి కొమ్ము ఊదారు, లేచి వెళ్ళాను.

ఇక ఆ జుట్టు సంగతి. బూరుగు దూదిలా సన్నగా ఉండేది. నాలుగేళ్ళ పిల్లకు నడుము దాటింది. గాలి తగిలితే చాలు చిక్కుపడేది. నూకాలు ఉన్నన్నాళ్ళూ అందులో ఒక్క ముడి చూడలేదు నేను. ఎలా చూసుకునేదో కూడా చూడలేదు. ఆడవాళ్ళ పని మనకెందుకు అనుకున్నాను, బుద్ధి లేక.

ఒక్కటి మాత్రం కంటపడింది. మూడు పాయల జడ ఆ జుట్టులో జారిపోతుందని, నూకాలు రెండే పాయలు తీసి తాడు పేనినట్టు పేనేది. ఆమెది పుర్రచెయ్యి. అందువల్ల పురి ఎడమకు తిరిగేది. మా ఇళ్ళలో తాళ్ళన్నీ కుడి పురివి. మా అమ్మ నూకాలు పేనిన తాళ్ళను విడిగా పెట్టించి, ఎదురు తాళ్ళని వెక్కిరించేది.

నూకాలు పోయాక దువ్వెన నా చేతికి వచ్చింది. కొమ్ము ఊదేలోపు వంట చేయాలి, పిల్ల తల దువ్వాలి. మాడు దగ్గర దువ్వెన పెట్టి కిందికి లాగేవాణ్ణి. అది గోల పెట్టేది, నేను కసిరేవాణ్ణి. కొన్ని నెలలకు మెడ వెనక జుట్టంతా కొబ్బరి పీచులా ఉండకట్టింది. పేలు పడ్డాయి. తోట దొర కంటపడింది, ఆదివారం మంగలి వచ్చినప్పుడు ఆ పిల్లకు గుండు చేయించమన్నాడు.

మాతో పని చేయించే సర్దారు మన తెలుగువాడే. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఆదివారం దువ్వెన్న దిగిందంటే దొరకి నాను సెప్పుకుంటాను. దిగకపోతే గుండే, ఎర్రయ్యా" అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున మళ్ళీ కూర్చున్నాను. ఒక్క లాగు లాగితే కుచ్చు చేతికి వచ్చింది, కుదుళ్ళలో నెత్తురు. ఆ రోజు పిల్ల ఏడవలేదు, నా వైపు తిరిగి చూసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. నూకాలికి ఇచ్చిన మాట ఇక నిలబెట్టుకోలేననిపించింది. దువ్వెన మూలకు విసిరేసి పనికి పోయాను.

ఆ మధ్యాహ్నం ఎండలో ఇరవైమందిమి వరసగా చెరకు కొడుతున్నాం. కుడిచేత కత్తి, ఎడమచేత గడ. ఉన్నట్టుండి నా ఎడమచెయ్యి మొద్దుబారింది. గడ పట్టుకుందామంటే వేళ్ళు ముడుచుకోవు. పక్కవాడు, పని ఎగ్గొట్టే ఎత్తులని నవ్వాడు. సర్దారు వచ్చి చూసి, చేతి మీద నీళ్ళు పోయించాడు. ఒక చుట్ట కాలేంతసేపటికి మళ్ళీ మామూలయింది. నేను ఆ వరస విడిచి అడుగు కదలలేదు. అక్కడినుంచి లైన్లు రెండు మైళ్ళు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి గౌరమ్మ మామ్మ మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మేము పనికి పోతే లైన్లలో పిల్లల్ని చూసే ముసలామె ఆవిడే. చూపు మా అందరికన్నా బాగుండేది. పక్కన చలం. దాని వీపు మీద జడ.

వంగి పట్టుకుని చూశాను. ఒక్క చిక్కు లేదు. రెండు పాయలు, ఎడమ పురి.

ఎవరు వేశారని అడిగాను.

"అదేటయ్యా, నువ్వే గదా. మజ్జానం వొచ్చి పిల్ల ఎనకాల కూకున్నావు. పలకరిస్తే పలకలేదు" అంది గౌరమ్మ.

"ఇయ్యాల నొప్పెట్టలేదయ్యా" అంది చలం.

నేను ఏం చేశానో చెప్పమని దాన్నే అడిగాను. ఒక్కొక్కటే చెప్పింది. వేళ్ళకు కాస్త కొబ్బరినూనె రాసుకుని జుట్టు కొసలకు పట్టించానట. కొస నుంచి మొదలుపెట్టి పైకి వచ్చానట. మాడు లాగకుండా ముడికి పైన జుట్టు పిడికిట్లో పట్టుకున్నానట. లాగకుండా ముడిని వెడల్పు చేసి వదులు చేశానట. దువ్వెన చివర్లోనే తీశానట. ఏ చేత్తో అని అడిగితే, ఎడమచెయ్యి ఎత్తి చూపించింది.

మేము వల చిక్కు తీసేది కూడా అలాగే. అంచు నుంచి పట్టుకుని, లాగకుండా వదులు చేసుకుంటూ పోతాం. పదేళ్ళ వయసు నుంచీ నాకు తెలిసిన పని. కన్నకూతురి తల దగ్గర ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

లైన్లలో పుర్రచెయ్యి వాళ్ళెవరని వాకబు చేశాను. ఒక్కడే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం నా వరసలోనే చెరకు కొడుతున్నాడు.

ఆదివారం సర్దారు దువ్వెన పెట్టి చూశాడు. పైనుంచి కిందికి దిగిపోయింది. మంగలిని పక్క గదికి పంపేశాడు.

ఆ తర్వాత పిల్ల జుట్టు నేనే చూసుకున్నాను. పనినుంచి వచ్చాక కొసలకు నూనె, వేళ్ళతో చిక్కు, రెండు పాయల పురి. చుట్ట కాలేలోపు అయిపోయేది. కానీ నేను కుడిచేతివాణ్ణి. తాడు పేనితే కుడి పురే పడేది. పిల్ల జుట్టు పట్టుకుంటే మాత్రం ఎడమకే తిరిగేది. పట్టుబట్టి కుడికి తిప్పినా నిలిచేది కాదు.

ఐదేళ్ళు పూర్తయ్యాక కాస్త నేల కౌలుకు తీసుకుని ఇక్కడే ఉండిపోయాను. మొక్కు సంగతి మనవాళ్ళలో పెద్దలను అడిగితే, పడమర తిరిగి దండం పెట్టి ఇక్కడే తీయించు, అప్పన్న కాదనడు అన్నారు. అప్పన్న సంగతి సరే, నూకాలు ఒప్పుకుంటుందా అని నా భయం. ఆ పొద్దున నేనే జడ వేశాను, ఎడమ పురే పడింది. ఏరు సముద్రంలో కలిసే మొగలో గుండు చేయించి, జుట్టు ఆ నీళ్ళలో వదిలాను.

రెండేళ్ళకు మళ్ళీ భుజాలు దిగింది. అదే సన్నటి జుట్టు. ఒకరోజు చలాన్ని ముందు కూర్చోబెట్టుకుని రెండు పాయలు తీసి పేనాను. కుడికి తిరిగింది. విప్పి మళ్ళీ పేనాను. కుడికే తిరిగింది. ఎడమచేత్తో ప్రయత్నించాను, చేతకాలేదు.

"ఏటయ్యా, ఆపీసినావు?" అంది చలం.

ఏమీ లేదమ్మా అన్నాను. దాని జుట్టు చేతిలో పట్టుకునే ఏడ్చాను. నూకాలు కోసం నేను ఏడవడం అదే మొదలు. మొక్కు ముట్టిందని వెళ్ళిపోయిందో, అసలు వచ్చిందో లేదో నాకు తెలియదు. దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ మధ్యాహ్నం నా కూతురి వెనక కూర్చున్నది ఎవరో మాత్రం చెప్పలేను.