ఏడు పదిహేన్లు

చలికాలం రాగానే విశాఖపట్నం ఉక్కలో దానితో పనేమీ లేకపోయినా, పెట్టె అడుగునుంచి పాత స్వెటరు తీస్తాను; ఇంకా వదలని కట్టెపొగ వాసన గుప్పుమంటుంది. ఎన్నిసార్లు ఉతికానని అడగకండి, ఆ లెక్క ఒకటికి మించదు.

ఆ పొగ చింతపల్లిలో మా ఇంటర్ కాలేజీ హాస్టలుది. పొద్దున మంచు ఎంత దట్టంగా ఉండేదంటే, పక్కవాడి గ్లాసులో చోడి అంబలి నేను తాగేసినా నేరం రుజువయ్యేది కాదు. మిరియం తీగలు పాకిన చెట్లమీదికి ఎండ దిగేవరకు మాస్టారి చేతిలో సుద్దముక్క కూడా వణికేది. మేం చేతులు చంకల్లో దోపుకుని, కాఫీపళ్లు చీకి గింజలు ఒకరిమీద ఒకరం ఉమ్ముకుంటూ, చదువు తప్ప అన్నీ చేసేవాళ్లం.

చదివేది సుక్రి ఒక్కతే. కొండమీది కాఫీతోటల ఊరు ఆమెది. అక్కడ పెద్దవాళ్లు గడియారం జోలికి పోరు. ఆకాశంలోకి చెయ్యి చాపి, సూర్యుడు ఎంత ఎత్తుకొచ్చేసరికి రావాలో చూపిస్తారు.

ఆ ఏడు లెక్కల పోటీకి మా క్లాసునుంచి ఒక్కరినే విశాఖపట్నం పంపుతామన్నారు. సముద్రం చూడని సుక్రి వారం ముందే సంచి సర్దుకుంది.

π/3 రేడియన్ల కోణానికి π/4 కలిపి డిగ్రీల్లో చెప్పమన్నారు మాస్టారు. ముందు చెప్పినవాళ్లకే ప్రయాణం. నేను పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసి, రెండు π కింద ఏడు వేసుకుని మురిసిపోతున్నాను. సుక్రి లేచి తూర్పుకొండ వైపు చెయ్యి చాపింది.

"ఈ కొండ కాణ్ణించి ఆ కొండ దాకా π అండి. పన్నెండు గంటల పగలు. మూడో వంతు నాలుగు, నాలుగో వంతు మూడు. పొద్దు ఏడు గంటలు నడిసింది..."

"టైమెవులడిగారే గుంటా? బస్సుందేటి?" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు బోర్డువైపు నుంచి తిరక్కుండానే, "ఆటలా? కూర్చో," అన్నారు.

ఆమె చెయ్యి దిగేలోపు నాకు వెలిగింది. పగలంతా నూట ఎనభై డిగ్రీలైతే గంటకు పదిహేను. ఏడు పదిహేన్లు నూట అయిదు. లేచి చెప్పేశాను. మాస్టారు భేష్ అన్నారు.

పోటీలో నా మార్కులు సున్నాకి దగ్గరపడటంలో చింతపల్లి జనవరి చలితో పోటీపడ్డాయి. సుక్రి మళ్లీ క్లాసులో లేవలేదు. ఆ మరుసటేడు కాలేజీకే రాలేదు. నేనొక్కణ్ణే కారణమనుకోవడం గొప్పలకు పోవడమే కానీ, కారణాల వరుసలో నాకూ చోటుంది.

మొన్న చింతపల్లి వెళ్లాను. హాస్టలు లేదు, పొయ్యి లేదు; కాలేజీలో గోడంత తెరమీద రేడియన్లు నొక్కితే డిగ్రీలు రాలుతున్నాయి. చెయ్యి చాపి పొద్దు చూపేవాళ్లూ కనబడలేదు. సంతలో మిరియాలు తూస్తూ సుక్రి కనబడింది. ఆ రోజు జవాబు నీదే అన్నాను, పన్నెండేళ్లు ఆలస్యంగా.

"నాకు తెల్దేటి?" అంది తక్కెడ మీంచి కళ్లెత్తకుండా. "సెప్పాలంటే ఆ రోజే సారుకి సెప్పాల. ఇప్పుడు నాకు సెప్పి ఏటి సేత్తావు? మిరియాలెన్ని కేజీలు?"