గ్లైడ్ స్లోప్‌కు చప్పట్లు

విమానాన్ని దగ్గర నుంచి ఎప్పుడూ చూడకుండానే విమానాల సబ్జెక్టులో రెండుసార్లు తప్పాను. పైన పోయేవాళ్లకు దారి చెప్పడానికి నేల మీద రకరకాల రేడియో స్టేషన్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో ఫ్రీక్వెన్సీ బ్యాండులో పలుకుతుంది. ఏది ఎక్కడ పలుకుతుందో గుర్తుంచుకుంటే చాలు, పాసు. నాకు అదొక్కటే గుర్తుండేది కాదు.

మూడోసారి వైవా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరిన రోజుల్లో పడింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు అప్పటికే సమ్మెలో ఉన్నాడు. ఫోన్లో ఒక్క మాటే అన్నాడు. "ఈసారి గిన తప్పినవనుకో, సదువు బంద్ చేసి ఇంటికి రా. సమ్మెల కూసునెటందుకు ఇంకో మనిషి అక్కెరున్నడు."

వైవా రోజే జనగామ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అందరూ తినేదాకా బండ్లను కదలనివ్వకపోవడం దాని పద్ధతి. నేను కమిటీలో ఉన్నాను. చేతిరాత బాగుంటుందని నియమాలు నాతోనే రాయించారు. దవాఖానకు పోయేవారిని, హాల్‌టికెట్ చూపి పరీక్షకు పోయేవారిని మాత్రమే వదలాలి అని రాశాను. ఆ రెండో ముక్క రాసేటప్పుడు నేను మనసులో ఎవరినీ పెట్టుకోలేదని చెప్పను.

ఆ నియమం కింద నన్ను నేను దాటించుకుని, ఊరి బయట కాలేజీకి పదింటికే చేరాను. ఆ సబ్జెక్టు మిగిలిపోయినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి మా సారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని ఎదురుచూశాం. బయటి నుంచి రావాల్సిన పరీక్షకుడు కోస్తా ఆయన. రైల్లో వద్దామంటే మహబూబాబాద్‌లో జనం పట్టాల మీద కూర్చున్నారని కారులో సూర్యాపేట మీదుగా బయలుదేరాడు. రెండింటికి మా సార్‌కు ఆయన ఫోన్ వచ్చింది. దేవరుప్పుల దాటి జనగామ చౌరస్తాదాకా వచ్చాడు. అక్కడ ఆపేశారు.

"హాల్‌టికెట్ అడుగుతున్నారండీ" అన్నాడు పాపం.

నాలుగులోపు వైవా జరగకపోతే నేను మళ్లీ తప్పినట్టే. నియమాలు రాసేటప్పుడు పరీక్ష రాసేవాళ్లు తోచారు గానీ, పరీక్ష పెట్టేవాళ్లు కూడా రోడ్డు మీదే వస్తారని నాకు తోచలేదు.

సార్‌ను బండి వెనక ఎక్కించుకుని చౌరస్తాకు వెళ్లాను. పెద్ద గంజు ముందు గరిటె పట్టుకుని ఒక అవ్వ నిలబడి ఉంది. ఆ రోజు రోడ్డు ఆమె అధీనంలో ఉంది.

"అవ్వా, ఆ కారును పోనియ్యి. ఆయన నా పరీక్ష తీసుకోవాలె."

"టికెట్ లేదు గద బిడ్డా."

"ఆయనకు ఉండదవ్వా. నాకుంటది."

"గట్ల కాయితంల రాయకపోతివి. రాసింది నువ్వే గద?"

పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న సైకిల్ షాపు చాచా తల ఎత్తలేదు. "ఆయన నీ దగ్గరికి రాకుంటే, నువ్వే ఆయన దగ్గరికి పో బేటా. దూరమా ఏంది?"

కారు పది అడుగుల దూరంలో ఉంది.

సార్లిద్దరూ కాసేపు గుసగుసలాడుకున్నారు. పరీక్షకులు ఇద్దరున్నారు, విద్యార్థి ఉన్నాడు. పరికరాలు లేవు గానీ, అవి కాలేజీలోనూ లేవు. షామియానా కింద రెండు కుర్చీలు వేశారు. నన్ను నిలబెట్టారు. ఎవరో మంచి మనసుతో మైకు తెచ్చి నా మూతి ముందు పెట్టారు.

"దిక్కు చెప్పే వీఓఆర్ ఏ బ్యాండయ్యా?"

"నూట ఎనిమిది నుంచి నూట పదిహేడు పాయింట్ తొమ్మిది అయిదు మెగాహెర్ట్జ్ సార్. పాటలొచ్చే ఎఫ్ఎం ఆగిపోయిన చోట మొదలవుతుంది."

చప్పట్లు మోగాయి. ఆ మైకులో ఏం వినపడినా చప్పట్లు కొట్టడం జనానికి కొన్నాళ్లుగా అలవాటు.

"విమానం ఏ వాలున దిగాలో చెప్పే గ్లైడ్ స్లోప్?"

"డెబ్బై అయిదు మెగాహెర్ట్జ్."

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. పరీక్షకుడు మైకును పక్కకు జరిపాడు. "అది రన్‌వే ఎంత దూరముందో చెప్పే మార్కర్ బీకన్‌ది. వీళ్లంతా ఒప్పుకున్నారు గానీ నేను ఒప్పుకోలేనయ్యా."

"ఏమైంది బిడ్డా?" అంది అవ్వ.

"తప్పు చెప్పిననవ్వా."

"మరి మేమెందుకు కొట్టినం?" అని ఆమె జనం వైపు తిరిగింది. "జర ఆగుండ్రి. సారు తలకాయ ఊపినంకనే కొట్టుండ్రి."

ఉద్యమం మొదలయ్యాక ఆ చౌరస్తా అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడలేదు. ఆ నిశ్శబ్దంలో నా బుర్ర కూడా కొంత పనిచేసింది.

"మూడు వందల ఇరవై తొమ్మిది నుంచి మూడు వందల ముప్పై అయిదు."

అందరూ ఆయన తల వైపు చూశారు. అది ఊగింది. చప్పట్లు పడ్డాయి.

"ఉరుములు, మెరుపుల్లో ఎన్‌డీబీ స్టేషన్ని నమ్మొచ్చా?"

"నమ్మరాదు సార్. అది రేడియోలో మీడియం వేవ్‌కు కింద, నూట తొంభై కిలోహెర్ట్జ్ నుంచి మొదలు. మెరుపు మెరిస్తే విమానంలో స్టేషన్ ఎటుందో చూపే ముల్లు దాన్ని వదిలేసి మబ్బు వైపు తిరుగుతుంది."

తల ఊగింది.

"పాసేనా సారూ?" అంది అవ్వ.

"భోజనం అయ్యాక చెబుతానండీ."

"తినంది కారు పోదు. చెప్పంది బువ్వ రాదు."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. పరీక్ష జరిగిన స్థలం అనే గడి దగ్గర మా సార్ ఆగాడు. "ల్యాబ్ అని రాద్దామా సార్?"

"రాయండి. పొయ్యిలున్నాయి, నీళ్లున్నాయి, ఫలితం కూడా వచ్చింది."

పాసు మార్కుకు ఒక్కటి ఎక్కువ వేశాడు. నోరు మూసుకుని ఉన్నందుకు ఆ ఒక్కటి తమదేనని చౌరస్తా అంది. నేను కాదనలేదు.