కొలవని నాలుగు శుక్రవారాలు

నిజాముద్దీన్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళి విందులో కూడా ముద్ద చేత్తో పట్టుకుని లేచి, ఫ్యాను ఎందుకు టకటకమంటోందో చూసి వచ్చే రకం. చెన్నూరు దారిలో ఉన్న శిలాధర సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళుగా మీటర్లు చూసే మెకానిక్. ఏ మీటరు ముందు నిలబడినా దాని అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టి, ముల్లు నిజంగా నిలిచిందా, ఊరికే ఇరుక్కుందా అని చూసుకున్నాకే అంకె రాసేవాడు.

అది తండ్రి నుంచి వచ్చిన గుణం. ముకర్రం ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లు ఫిట్టరు. పత్తి బండ్లు తూచేచోట రైతులు సేటు మాట నమ్మేవారు కాదు. "కాటా ముకర్రం భాయ్ చూసిండా?" అని అడిగి, చూశాడంటేనే బండి ఎక్కించేవారు. ఆ కొడుకు ఐటీఐ చదివి, ఇరవై అయిదేళ్ళకు ఫ్యాక్టరీలో చేరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుందనగా జరిగింది ఈ సంగతి.

ఫ్యాక్టరీలో బట్టీలో కాలి గడ్డకట్టిన సున్నపురాయి, అంటే క్లింకరు, వచ్చిపడే పెద్ద ఇనుప తొట్టి ఒకటుంది. అది నిండిందో లేదో తొంగిచూడటానికి వీల్లేదు, అంత వేడి. అందుకని దాని ఒక పక్క సీసం డబ్బాలో గోలీకాయంత అణుధార్మిక పదార్థం బిగించారు. దాని కిరణాలు తొట్టిని దాటి ఎదుటి పక్కకు చేరితే తొట్టి ఖాళీ, చేరకపోతే నిండినట్టు. ఫ్యాక్టరీ ఆగినప్పుడు డబ్బాకున్న పిడి తిప్పాలి, లోపల సీసం తలుపు మూసుకుంటుంది. అణు విద్యుత్ కేంద్రాలను అజమాయిషీ చేసే బొంబాయి సంస్థే ఈ డబ్బాకూ అనుమతి ఇస్తుంది. ప్రతి శుక్రవారం చుట్టూ కిరణాలు ఏపాటి ఉన్నాయో చేతిమీటరుతో కొలిచి రిజిస్టరులో రాయాలన్నది వాళ్ళ నిబంధన. ఆ పని నిజాముద్దీన్‌ది. జుమ్మా నమాజుకు పోయేముందు కొలిచి, రాసి, సంతకం పెట్టి పోయేవాడు. ఎన్నేళ్ళు కొలిచినా పాయింటు రెండు. ఎప్పుడన్నా పాయింటు మూడు.

డబ్బా మీద పసుపు పలక, దాని మీద మూడు రెక్కల గుర్తు. కూలి ఆడవాళ్ళు దాన్ని పంకా డబ్బా అంటారు.

"పంకా అయితే పెట్టిన్రు గని, ఇంత గాలన్న రాదు గదా సారూ!" అని కొమురవ్వ ఎగతాళి చేసేది. కాంట్రాక్టరు కింద పదిహేనేళ్ళుగా ఇటుక మోసే మనిషి. ఆమె నోటికి మేనేజర్లు సైతం దారి ఇచ్చేవారు.

ఆ ఏడు జనవరిలో బట్టీ ఇటుకలు మార్చడానికి నెల రోజులు ఫ్యాక్టరీ ఆపారు. మొదటిరోజే నిజాముద్దీన్ పిడి తిప్పి, అది 'మూత' గుర్తు మీదికి వచ్చిందని చూసుకున్నాడు. చేతిమీటరును రెండేళ్ళకోసారి సరిచూపించడానికి బొంబాయి పంపాలి. గడువు దగ్గరపడింది.

"ఫ్యాక్టరీయే నడవనప్పుడు కొలిచేదేముంది? ఇప్పుడే పంపేద్దాం" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు భానుప్రసాద్. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నలభై ఏళ్ళవాడు. మర్యాదస్తుడు, కాగితాల మనిషి.

నిజాముద్దీన్‌కూ అదే సబబనిపించింది. నడవని బండికి బ్రేకులు చూసేదెవరు? అయితే ఈ డబ్బా విషయంలో సంగతి తలకిందులు. తొట్టి నిండా క్లింకరు ఉన్నంతకాలం అదే కిరణాలను మింగేస్తుంది. తొట్టి ఖాళీ అయితే అడ్డమేమీ లేదు, సీసం తలుపొక్కటే దిక్కు. మీటరు అక్కరపడేది ఫ్యాక్టరీ ఆగినప్పుడే. ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ పూట అది తట్టలేదు.

మొదటి శుక్రవారం రిజిస్టరు తెరిచి, మీటరు లేదు కదా అని మూసేశాడు. భానుప్రసాద్ పిలిచాడు.

"నిజాముద్దీన్ గారూ, గడి ఖాళీగా ఉంటే బొంబాయి వాళ్ళు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. ఎప్పుడూ వచ్చేదే కదా, రాసేయండి."

"మీటరే లేకపాయె సార్."

"ఈ పదేళ్ళలో ఎప్పుడైనా మారిందా?"

మారలేదు. రాశాడు. పాయింటు రెండు. మరుసటి శుక్రవారం పాయింటు రెండు. మూడో శుక్రవారం ఎవరూ చెప్పకుండానే పాయింటు మూడు రాశాడు. అన్నీ ఒకటే ఉంటే అనుమానం వస్తుందని. నాలుగోది మళ్ళీ రెండు.

ఇరవై అయిదో తారీకుకు ఇటుక పని ముగిసి ఆడకూలీలు వెళ్ళిపోయారు. ఇరవై ఏడున మీటరు తిరిగొచ్చింది. అలవాటు కొద్దీ అద్దం మీద రెండుసార్లు కొట్టి, తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. డబ్బాకు ఎదుటి పక్క, స్తంభాల నడుమనున్న మూలకు వచ్చేసరికి అది కీచుమని అరిచింది. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. ఒక్క గెంతులో వెనక్కి దూకాడు.

పిడి 'మూత' మీదే ఉంది. లోపల దుమ్ము పట్టి ఇరుసు విరిగింది. పిడి తిరిగింది గానీ తలుపు కదలలేదు.

ఆ మూల అతనికి తెలియనిది కాదు. ఆదిలాబాద్ చలి ఎముకలు కొరికే రోజుల్లో గాలి తగలకుండా, ఎండ పొడ పడేది అక్కడొక్కచోటే. కొమురవ్వ, ఐలవ్వ, బాలలక్ష్మి రోజూ అక్కడే సద్దిమూటలు విప్పేవారు. రెండో వారంలో అటుగా పోతుంటే కొమురవ్వే కేకేసి పిలిచింది కూడా.

"రా సారూ, ఇంత పచ్చిపులుసు పోస్త. గీడ మంచిగ ఎచ్చగున్నది."

పనుందని వెళ్ళిపోయాడు.

భానుప్రసాద్ రెండు రోజులు గది తలుపు వేసుకుని బొంబాయికి నివేదిక తయారుచేశాడు. పరికరం చెడితే తెలపకుండా ఉండటానికి వీల్లేదు. అందుకని తెలిపాడు. ఇరవై నాలుగున కొలిచినప్పుడు అంతా మామూలే కాబట్టి ఇరుసు ఆ తర్వాతే విరిగిందనీ, అప్పటికి అక్కడ కూలీలెవరూ లేరనీ, మీటరు బొంబాయిలో ఉన్న రోజుల్లో పక్క ఫ్యాక్టరీ మీటరు తెచ్చి కొలిచామనీ రాశాడు. ఆ పక్క ఫ్యాక్టరీలో అతని స్నేహితుడున్నాడు. మీటరు ఇచ్చినట్టు చీటీ వచ్చింది, నంబరుతో సహా.

"మీరు అవునంటే చాలు. ఎనిమిది నెలలు. దండ వేయించుకుని ఇంటికి పోతారు."

నిజాముద్దీన్ అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ రోజు నుంచి కాలు కాలిన పిల్లి అయ్యాడు. ఇంట్లో తాళం పెట్టిన తలుపు మళ్ళీ లాగి చూశాడు. గ్యాసు కట్టేసి మళ్ళీ పోయి చూశాడు. గేటు బయట చాయ్ బండి దగ్గర కొమురవ్వ దగ్గితే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎన్ని రోజులసంది దగ్గు?"

"ఏం సారూ, డాక్టరు కొలువు దొరికిందా? తంబాకు గొంతుల పడ్డది."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. నాలుగు గడుల్లో తను రాసిన నాలుగు అంకెలు ఆ ముగ్గురు ఆడవాళ్ళను ఆ మూలలోంచి లేపేశాయి. కాగితం ప్రకారం వాళ్ళు కిరణాలు తగిలినవాళ్ళు కారు. వాళ్ళకు పరీక్ష లేదు. రేపు ఒంట్లో ఏదన్నా అయితే ఎందుకయిందో చెప్పే దిక్కూ లేదు.

భార్య షాజాదీ బేగం మూడు రోజులు చూసి, నాలుగోరోజు అన్నం గిన్నె దించి ముందు కూర్చుంది.

"అజీ, ఏం పరేషాన్? చెప్పున్రి. తినేది లేదు, కూసునేది లేదు. నాకే కండ్లు తిరుగుతున్నయ్."

చెప్పాడు. ఆమె చాలాసేపు కొంగు అంచు వేళ్ళతో మడిచింది.

"కొలువు పోతదా?"

"పోవచ్చు."

"ఎవరు రాయమన్నరు?"

"రాయమన్నది ఆయన. రాసింది నేను."

"చెప్పమని అంటలేను. చెప్పొద్దనీ అంటలేను" అంది షాజాదీ. "గిట్ల మాత్రం ఇంట్ల తిరగకున్రి, జర."

ఫిబ్రవరి మొదటివారంలో బొంబాయి సంస్థ నుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు. పెద్దామెకు యాభై ఉంటాయి, ఆమెతో మీటర్లు మోసుకొచ్చిన అతను మరొకడు. ఆమె హిందీలోనే మాట్లాడింది. గొంతు పెంచలేదు. కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చదివింది. చీటీ సరిపోయింది, నంబరు సరిపోయింది, తారీకులూ సరిపోయాయి.

"యంత్రమన్నాక చెడుతుంది. నోటీసు ఇస్తాం, బాగుచేసుకుంటారు. తప్పుడు అంకె ఇచ్చారంటే మాత్రం ఆ తర్వాత మీరిచ్చే ఏ అంకెనూ మేం నమ్మలేం" అంది, అందరితో అన్నట్టుగా.

భానుప్రసాద్ తల ఊపాడు.

తొట్టి దగ్గరికి వెళ్ళారు. అప్పటికి డబ్బాను తీసి సీసం పెట్టెలో దాచారు. ఆమె ఆ మూలలో ఆగింది. "ఇక్కడెవరైనా కూర్చుంటారా?"

"లేదు మేడం. ఇది నిషిద్ధ ప్రాంతం. తాడు కడతాం" అన్నాడు భానుప్రసాద్.

నిజాముద్దీన్ కళ్ళు స్తంభం మీద పడ్డాయి. నడుమెత్తున వరసగా తెల్లటి వేలిగుర్తులు. తంబాకులో సున్నం కలిపి, మిగిలింది స్తంభానికి తుడిచిన గుర్తులు. ఒకరివి పొట్టి వేళ్ళు, ఒకరివి పొడుగు. నెల రోజుల గుర్తులు ఒకదాని మీద ఒకటి. ఎవరూ వాటిని చూడటం లేదు.

"నిజాముద్దీన్‌జీ, శుక్రవారాలు మీరు ఎక్కడ నిలబడి కొలిచారో అక్కడ నిలబడి చూపించండి" అందామె.

రెండడుగులు వేశాడు. మూడోది పడలేదు.

"నేను నిలబడలేదు మేడం. మీటరు లేకుండె. ఎవరి దగ్గరినుంచీ తేలేదు. నాలుగూ కూర్చుని రాసినవే. నిజంలా కనిపించాలని ఒక దగ్గర మూడు వేసింది కూడా నేనే." స్తంభం చూపించాడు. "ఇక్కడ ముగ్గురు కూర్చున్నారు. ఇరవై నాలుగు రోజులు."

భానుప్రసాద్ అతని వైపు చూడలేదు. చేతిలో ఉన్న ఫైలును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

ఆమె పెన్ను మూత తీసి, "మొదటి నుంచి చెప్పండి" అంది.

తర్వాత అన్నీ కాగితాల్లోనే జరిగాయి. పరికరం విరిగినందుకు ఒక నోటీసు, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అంతకన్నా పెద్దది. డబ్బా అనుమతి ఆపేశారు. అది లేకుండా ఆ లైను నడపలేక ఫ్యాక్టరీ ఆపుకుంది. భానుప్రసాద్‌ను ఆ బాధ్యత నుంచి తప్పించారు. నిజాముద్దీన్‌కు ఆ మీటరు ముట్టుకునే అర్హత రద్దు, కంపెనీ విచారణ పూర్తయ్యేదాకా పనికి రావద్దని ఉత్తరం. ముగ్గురు ఆడవాళ్ళను కరీంనగర్ తీసుకెళ్ళి రక్తం తీయించి బొంబాయి పంపారు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కొమురవ్వ అతని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెప్పులు కూడా విడవలేదు.

"రెండు నెలలసంది పని బందువెట్టిన్రు. నూట ఇరవై మందిమి. అందరు నీ పేరు మీదనే దుమ్మెత్తి పోస్తున్నరు, ఎరుకేనా?"

"ఎరుకే."

"అబద్దం రాసెటప్పుడు రాసినవ్. నిజం జెప్పెటప్పుడన్న మమ్ముల ఒక మాట అడిగినవా?"

"అడిగితే వద్దందువు."

"అందును మరి! అందుకనే అడగలే నువ్వు."

షాజాదీ మంచినీళ్ళు తెచ్చింది. కొమురవ్వ గ్లాసు అందుకుని గడప మీద కూలబడి, రవికలోంచి మడత కాగితం తీసింది.

"ఇంగ్లీషుల వచ్చింది. కాంట్రాక్టరు ఏం లేదు పో అన్నడు. ఏం లేనిదానికి మూడు పేజీలెందుకు రాస్తరు? సదువు."

అతను చదివి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. రక్తపరీక్ష గట్టిగా ఏదీ తేల్చలేదు. ఇరవై నాలుగు రోజులు, రోజుకు ముప్పావు గంట అని లెక్కగడితే, మామూలు మనుషులకు ఏడాదికి ఉండాల్సిన హద్దుకన్నా చాలా రెట్లు ఎక్కువ తగిలింది. ఇప్పటికిప్పుడు భయమేమీ లేదు. ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, ఖర్చు కంపెనీది.

"ఎన్నేండ్లు?"

"రాయలే."

"అంటే సచ్చేదాక."

"మంచిగుంటే మంచిగనే ఉంటది కొమురవ్వా. చూసుకుంటుండాలె అంతే."

"నువ్వు నోరు తెరవకుంటే గీ కాయిదం రాకపోవు గదా?"

"రాకపోవు."

"ఏం లేదనుకుని మంచిగ పండుదును."

"అవు."

ఆమె కాగితం తిరిగి మడిచింది. తప్పు గీత మీద మడిస్తే విప్పి మళ్ళీ సరిగ్గా మడిచింది.

"అయితే ఇను. కరీంనగర్ దావఖాన్ల పోయినసారి మమ్ముల పొద్దంత బల్ల మీద కూసవెట్టిన్రు. ఏమన్న అడిగితే ఇంగ్లీషుల కసిరిన్రు. మల్ల జనవరికి నేను ఒక్కదాన్ని పోను. నువ్వు తీస్కపోవాలె. ఆ మిషిన్ల ఏమొచ్చిందో నా ముంగటనే నువ్వు సూసి చెప్పాలె. వాళ్ళ మాట వాళ్ళది."

"నా మాట నమ్ముతవా?"

"నమ్ముత అన్ననా? నువ్వైతే ఇగ అబద్దం చెప్పెతందుకు భయపడ్తవ్."

షాజాదీకి నవ్వొచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

విచారణ ముగియకముందే, సెప్టెంబరులో దండ లేకుండానే నిజాముద్దీన్ ఉద్యోగం ముగిసింది. లైను తిరిగి మొదలై కొమురవ్వకు పని దొరికింది. జనవరిలో ఒక పొద్దున, కరీంనగర్ పోవడానికి ముందుగా మంచిర్యాల బస్సు కోసం చెన్నూరు బస్టాండులో నలుగురూ కలిశారు. ఐలవ్వ, బాలలక్ష్మి కంబళ్ళు కప్పుకుని బల్ల మీద ఒదిగి కూర్చున్నారు. నిజాముద్దీన్ ఫైలు పట్టుకుని బస్టాండు ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. ఫైలు తెరిచి ముగ్గురి పాత రిపోర్టులూ ఉన్నాయో లేదో చూసి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఓ సారూ, జర కూసోరాదు. నువ్వు తిరిగితే బస్సు జల్ది వస్తదా?" అంది కొమురవ్వ, పక్కకు జరిగి బల్ల మీద చోటు చేస్తూ.

కూర్చున్నాడు. ఆమె కంబళి కొసతో ముక్కు తుడుచుకుని ఒకసారి దగ్గింది. అతను అటు తిరిగి, అడగబోయి, ఊరుకున్నాడు.

"తంబాకే" అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ.